నాట్యాచార్య వెంపటి చినసత్యం: సంప్రదాయంలో ప్రయోగం

(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దేవుని గూర్చి, ధర్మాన్ని గూర్చి చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీద ఉన్నారు. నాకు అప్పగించిన విషయం వేరు. మన ఉత్సవాలలో చిన్నారులు కాళ్లకు గజ్జెలు కట్టుకొని స్వామి సన్నిధిలో నృత్యం చేస్తారు. మనం సంతోషించి చప్పట్లు కొడతాం. ఆ నృత్యం ఈనాటి రూపంలో సముద్రం దాటి మనదాకా రావడం వెనుక ఒక వ్యక్తి జీవితకాలపు శ్రమ ఉన్నది. ఆయన పద్మభూషణ్ వెంపటి చినసత్యంగారు. ఆయన జీవితాన్ని ముఖ్యంగా మన రెండవ తరం పిల్లలను దృష్టిలో పెట్టుకొని వివరించదలచాను.

ముందుగా ఒక మాట సంగతి చూద్దాం. అది ‘ప్రయోగం’. నేటి తెలుగులో ఈ మాట వినగానే మనకు ప్రయోగశాల, కొత్త సంగతిని పరీక్షించి చూడడం గుర్తుకు వస్తాయి. నాట్యశాస్త్రంలో ఈ మాటకు అర్థం వేరు. నాటకాన్ని రంగంమీద ప్రదర్శించడమే అక్కడ ప్రయోగం, ప్రదర్శింపజేసేవాడు ప్రయోక్త. ఉన్నదాన్ని ఆడి చూపడం, లేనిదాన్ని చేసి చూడడం అనే రెండు పనులకూ మన భాషలో ఒకే మాట ఉండడం కేవలం యాదృచ్ఛికమని నేను అనుకోను. చినసత్యంగారి జీవితం ఈ రెండు అర్థాలనూ ఒకచోట చేర్చింది. సంప్రదాయాన్ని నిలబెట్టాలంటే దాన్ని ప్రతి తరంలోనూ మళ్లీ ఆడాలి. మళ్లీ ఆడాలంటే ఏదో ఒకటి మార్చక తప్పదు. ఏది మార్చాలి, ఏది మార్చరాదు అన్నదే కష్టమైన ప్రశ్న. ఆ ప్రశ్నను ఆయన అరవై ఏండ్లకు పైగా ఎదుర్కొన్నారు. అదే ప్రశ్న ఇప్పుడు మన ముందూ ఉన్నది.

ఆయనకు సంక్రమించిన ఆస్తి

చినసత్యంగారు 1929లో కృష్ణా జిల్లా కూచిపూడి గ్రామంలో జన్మించారు. క్షేత్రయ్య ఊరుగా పేరుపొందిన మొవ్వ అక్కడికి దగ్గరే. కూచిపూడిలో నాట్యం ఒక విద్య మాత్రమే కాదు, అది కుటుంబాల వృత్తి. వెంపటి, వేదాంతం, చింతా, తాడేపల్లి, పసుమర్తి మొదలైన ఇంటిపేర్లవారు తరతరాలుగా భాగవత మేళాలు కట్టి, ఊరూరా తిరిగి, రాత్రివేళ ఆరుబయట నాటకాలు ఆడేవారు. భగవంతుని కథలు ఆడేవారు కనుక వారిని భాగవతులన్నారు.

ఈ నాటకం ఎలా ఉండేదో పిల్లలకు తెలియాలి. ఇద్దరు మనుషులు ఒక తెరను చేతులతో పట్టుకొని నిలబడతారు. పక్కన మృదంగం, తాళం, శ్రుతి. సూత్రధారుడు వచ్చి కథను ప్రారంభిస్తాడు. అతడే తాళం వేస్తాడు, పాడతాడు, హాస్యం చెబుతాడు, అవసరమైతే ఒక పాత్రను కూడా ధరిస్తాడు. ముఖ్యపాత్ర తెరవెనుకనుండి ప్రవేశ దరువుతో తన్ను తాను పరిచయం చేసుకుంటుంది. సిద్ధేంద్రయోగి రచించినదిగా సంప్రదాయం చెప్పే భామాకలాపంలో సత్యభామ తన పొడవైన జడను తెరమీదుగా ఇవతలికి వేస్తుంది. తన్ను మించిన విద్వాంసులెవరైనా ఉంటే ముందుకు రావచ్చునని ఆ జడ ఒక సవాలు. ఆ పాత్రను ధరించేది పురుషుడు. కూచిపూడిలో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమం పెట్టినట్లు ఆ ఊరివారు చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక విషయం జ్ఞాపకం ఉంచుకోండి; తరువాత దీని అవసరం వస్తుంది. ఆ నటుడు నర్తించడమే కాక తానే పాడేవాడు, తానే సంభాషణ పలికేవాడు. సభలో పండితులుంటే పద్యానికి అర్థం చెప్పేవాడు, రైతులుంటే వారికి తగినట్లు మాటను మలిచేవాడు. శాస్త్రంలో చెప్పిన ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అనే నాలుగు అభినయాలూ ఒకే మనిషిలో కలిసి ఉండేవి.

ఆ మాటకు ఎంత బలం ఉండేదో చెప్పడానికి ఒక పాత కథనం ఉన్నది. మాచుపల్లి కైఫియతు ప్రకారం కూచిపూడి భాగవతులు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ప్రదర్శన ఇస్తూ, సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు ప్రజలను, స్త్రీలను పెట్టే బాధలను వేషం కట్టి చూపించారు. రాజు సంగతి గ్రహించి అతనిపై చర్య తీసుకున్నాడు. ఈ నాటకం ఎన్నడూ కాలక్షేపంగా మాత్రమే లేదని చెప్పడానికి ఈ ఒక్క కథ చాలు.

పల్లెనుండి పట్టణానికి

చినసత్యంగారు చిన్ననాడు తాడేపల్లి పేరయ్యశాస్త్రిగారి వద్ద, మహాగురువు వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి వద్ద విద్య నేర్చుకున్నారు. లక్ష్మీనారాయణశాస్త్రిగారి పేరు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. పురుషులకే పరిమితమైన ఈ విద్యను స్త్రీలకు నేర్పడానికి ముందుకు వచ్చినవారిలో ఆయన అగ్రగణ్యులు. బృందంగా ఆడే నాటకంనుండి వేరుచేసి, ఒక్కరే సభలో ప్రదర్శించగల అంశాలకు ప్రాధాన్యం తెచ్చినవారు కూడా ఆయనే. అంటే చినసత్యంగారు మార్పును కొత్తగా కనిపెట్టలేదు. మార్చగల ధైర్యాన్ని గురువునుండే వారసత్వంగా పొందారు.

1940ల చివరిలో ఆయన మదరాసు చేరుకున్నారు. అన్నగారు వరుసైన వెంపటి పెదసత్యంగారు అప్పటికే అక్కడ సినిమాలలో నృత్యదర్శకులు. తెలుగు సినిమా అప్పుడు మదరాసులోనే తయారయ్యేది. వేదాంతం రాఘవయ్యగారు, పసుమర్తి కృష్ణమూర్తిగారు వంటి కూచిపూడి కళాకారులు ఆ రంగంలో స్థిరపడ్డారు. చినసత్యంగారు కూడా అన్నగారికి సహాయకులుగా పనిచేశారు. వెలుతురు ఎక్కడ పడాలో, ఒక దృశ్యం ఎంతసేపు నిలవాలో, గుంపుగా నిలిచినవారిలో చూపరి కన్ను ఎవరిమీదికి వెళుతుందో సినిమా నేర్పుతుంది. ఆ పరిశ్రమలోనే ఉండిపోతే ఆయనకు ధనం, పేరు రెండూ దక్కేవి. కాని ఆయన మనసు నాట్యంమీదనే నిలిచింది.

ఆ కాలంలో కూచిపూడికి ఒక పరీక్ష ఎదురైంది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీ జరిపిన నృత్య సదస్సులో కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా గుర్తించే విషయంలో చర్చ లేచింది. అది భరతనాట్యానికి ఒక శాఖయా, జానపద నాటకమా, స్వతంత్రమైన శాస్త్రీయ సంప్రదాయమా అని సందేహాలు వచ్చాయి. మరుసటి ఏడు హైదరాబాదులో ఆంధ్రులు ప్రత్యేకంగా సదస్సు జరిపి తమ వాదాన్ని చెప్పుకోవలసి వచ్చింది. రాత్రంతా ఆరుబయట జరిగే పల్లెటూరి నాటకాన్ని చూసే ఓపిక నగరంలోని పండితులకు లేదు. ఆ నాటకంలోని శాస్త్రాన్ని వారి భాషలో చెప్పగల వ్యవస్థ పల్లెలో లేదు. వాదించి గెలవడం ఒక మార్గం. వారు కాదనలేని విధంగా ఆడి చూపించడం మరొక మార్గం. చినసత్యంగారు రెండవదాన్ని ఎన్నుకున్నారు.

అకాడెమీ, అభ్యాసక్రమం

1963లో ఆయన మదరాసులో కూచిపూడి ఆర్ట్ అకాడెమీని స్థాపించారు. అంతకుముందు విద్యార్థి గురువు ఇంట ఉండి, మేళంతో తిరుగుతూ, చూసి నేర్చుకొనేవాడు. నగరంలో బడికి వెళ్లే పిల్లలకు అది సాధ్యం కాదు. కనుక ఆయన అడుగులను వరుసక్రమంలో అమర్చారు. సులభమైనదానినుండి కఠినమైనదానికి, విలంబంనుండి ద్రుతానికి మెట్లు కట్టారు. మోకాళ్లు వంచి నిలిచే భంగిమ ఎంత లోతుగా ఉండాలి, చేయి ఎంతవరకు చాపాలి, చూపు ఎటు ఉండాలి అన్న వివరాలు నియతమయ్యాయి. నేడు మన ఊరిలో నేర్చుకున్న పిల్ల వేరొక దేశంలో నేర్చుకున్న పిల్ల పక్కన నిలబడి అదే అంశాన్ని కలిసి ఆడగలుగుతున్నదంటే ఆ క్రమమే కారణం.

ఆయనవద్ద నేర్చుకున్నవారిలో యామినీ కృష్ణమూర్తి, శోభానాయుడు, మంజుభార్గవి, హేమమాలిని వంటి ప్రసిద్ధులున్నారు. ఈ పేర్లన్నీ స్త్రీలవేనని గమనించండి. వంద సంవత్సరాలకు ముందు కూచిపూడి మేళంలో ఒక్క స్త్రీ కూడా లేదు. సత్యభామ పాత్రను సత్యభామలకే అప్పగించడం ఈనాడు మనకు సహజంగా తోస్తుంది. ఆనాడు అది తరతరాల ఆచారాన్ని కదిలించిన పని. దాని ఫలితాన్ని కూడా దాచకూడదు. స్త్రీ వేషధారణలో వేదాంతం సత్యనారాయణశర్మగారి వంటి మహానటులు దేశమంతటా మెప్పు పొందినప్పటికీ, ఆ పురుషుల విద్య మెల్లగా అరుదైపోయింది. చినసత్యంగారు, సత్యనారాయణశర్మగారు ఇద్దరూ 2012లోనే మనకు దూరమయ్యారు. ఒకే ఊరి విద్యలో రెండు దారులను చూపినవారు ఒకే సంవత్సరంలో వెళ్లిపోయారు.

ముగ్గురి పని

ఇక ఆయన ప్రధాన కృషి అయిన నృత్యనాటకాల సంగతి. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, విప్రనారాయణ, శ్రీనివాస కళ్యాణం, రుక్మిణీ కళ్యాణం, హరవిలాసం, చండాలిక, రామాయణం మొదలుగా ఆయన పదిహేను దాకా నృత్యనాటకాలను రూపొందించారు. ఒంటరిగా ఆడే అంశాలు నూటికి మించి ఉన్నాయి.

నృత్యనాటకం ఒక్కరి సృష్టి కాదు. మొదట సాహిత్యం కావాలి. కావలికి చెందిన కవి ఎస్.వి. భుజంగరాయశర్మగారు ఆయన నాటకాలలో పలువాటికి రచన చేశారు. చదువుకొనే కవిత్వం వేరు, ఆడే కవిత్వం వేరు. పాదం ఎక్కడ విరగాలో, ఏ మాట దగ్గర చేయి లేవాలో తెలిసి వ్రాసిన కవిత్వం కావాలి. తరువాత సంగీతం. పట్రాయని సంగీతరావుగారు 1920లో జన్మించి శతాధిక వయస్సులో 2021లో కన్నుమూసిన విద్వాంసులు. ఆయన తండ్రి పట్రాయని సీతారామశాస్త్రిగారు ఘంటసాల వేంకటేశ్వరరావుగారికి గురువు. సంగీతరావుగారు ఎంతోకాలం ఘంటసాలవారికి సహకారులుగా ఉండి, 1974లో ఘంటసాలవారు మరణించిన తరువాత కూచిపూడి ఆర్ట్ అకాడెమీలో చేరారు. సినిమా పాటలో మూడు నిమిషాలలో రసాన్ని నిలపడం తెలిసినవారు, కర్ణాటక సంగీతపు లోతు తెలిసినవారు. ఒక్కొక్క పాత్రకు, ఒక్కొక్క సన్నివేశానికి తగిన రాగాన్ని ఎంచి, కథ నడకకు తగినట్లు వాటిని మార్చి, రెండుగంటల నాటకాన్ని ఒకే సంగీత కట్టడంగా నిలబెట్టారు. సాహిత్యాన్ని, సంగీతాన్ని గ్రహించి వాటికి దేహాన్ని ఇవ్వడం చినసత్యంగారి వంతు.

రాత్రంతా సాగే కథ రెండు, రెండున్నర గంటలకు కుదించబడింది. పద్యం, వచనం తగ్గాయి. దరువు, జతి, బృందనర్తనం పెరిగాయి. గాయకులు, వాద్యకారులు రంగస్థలం పక్కన కూర్చుంటారు, పాత్రధారులు నర్తిస్తారు. ఒకేసారి పదిమంది రంగంమీద ఉన్నప్పుడు ఎవరు ఎక్కడ నిలవాలి, ఎవరు కదిలితే కథ కదులుతుంది అన్నది ముందుగానే నిర్ణయించబడింది. క్షీరసాగర మథనంలో సముద్రం లేదు, పర్వతం లేదు, పాము లేదు. అటు దేవతలు, ఇటు రాక్షసులు, వారి అడుగుల లాగుడు, మృదంగపు గతి — వీటితోనే చూపరి మనసులో సముద్రం కదలాలి. మన దేశంలో తోలుబొమ్మలాడించే వాయాంగ్ కులిత్ కళాకారుడు ఒక దీపం, ఒక తెరతో రామాయణ యుద్ధాన్నంతా చూపిస్తాడు గదా! లేనిదాన్ని ఉన్నట్లు చూపగలగడం ఈ ప్రాంతపు కళలన్నిటికీ ఉన్న గుణం.

చండాలిక అనే పరీక్ష

ఆయన నాటకాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది చండాలిక. రవీంద్రనాథ్ ఠాకూర్ 1933లో నాటకంగా, 1938లో నృత్యనాటకంగా రచించిన కథ ఇది. బౌద్ధ భిక్షువు ఆనందుడు ఎండలో వస్తూ ప్రకృతి అనే యువతిని నీళ్లు అడుగుతాడు. తాను అంటరానిదాననని, తన చేతి నీరు పనికిరాదని ఆమె వెనుకాడుతుంది. అతడు ఆమెను మనిషిగా చూసి, నీరు తాగి, తన దారిన వెళ్తాడు. ఆ ఒక్క చూపుతో ఆమెకు తానెవరో తెలుస్తుంది. ఆ తెలివి ప్రేమగా, కోరికగా, మొండితనంగా మారుతుంది. తల్లిచేత మంత్రం వేయించి ఆనందుని రప్పించబోతుంది. చివరకు తాను చేసినదాని భారం తెలుసుకుంటుంది.

ఒక్క క్షణం ఆలోచించండి. అగ్రహారంలో బ్రాహ్మణ కుటుంబాల పురుషులు మాత్రమే శతాబ్దాలుగా ఆడిన కళ ఇది. ఆ ఊరిలో పుట్టిన గురువు, అంటరానిదని లోకం పక్కన పెట్టిన యువతిని రంగస్థలం నడుమ నిలిపారు. శోభానాయుడుగారు ఆ పాత్రలో పొందిన కీర్తి అందరికీ తెలిసినదే. కథ బెంగాలీ, మాట తెలుగు, అడుగు కూచిపూడి. సత్యభామ గర్వానికి, అలకకు వాడిన అభినయ సామగ్రితోనే అవమానాన్ని, ఆత్మగౌరవాన్ని చూపవచ్చునని అక్కడ రుజువైంది. సంప్రదాయం దేవుని కథలను మాత్రమే మోయగలదనుకొనేవారికి ఇది సమాధానం. నన్నడిగితే ఇది కూడా దేవుని కథయే. దాహం తీర్చిన చేతిలో కులాన్ని చూడని దృష్టికి మించిన భక్తి ఏమున్నది?

మన పూర్వులు తోటల పనికి ఈ దేశానికి వచ్చినప్పుడు రకరకాల కులాలవారు ఒకే వరుస ఇండ్లలో, ఒకే కుళాయి నీటితో బ్రదికారు. రామ భజన మందిరంలో ఒకే తాళానికి భజన చేశారు. అందుకే చండాలిక కథ మనకు దూరపు కథగా ఉండరాదు.

ఆయనపై వచ్చిన విమర్శ

గొప్పవారి గూర్చి మాట్లాడేటప్పుడు పొగడ్తతో ఆపడం వారికి గౌరవం కాదు. చినసత్యంగారి పనిపై ఒక న్యాయమైన విమర్శ ఉన్నది. ఆయన కూచిపూడిని మెరుగుపెట్టారు, క్రమబద్ధం చేశారు, ప్రపంచానికి అందించారు. కాని ఆ క్రమంలో వాచికం వెనుకబడిందని కొందరు విద్వాంసులు అంటారు. నేను ఇందాక జ్ఞాపకం ఉంచుకోమన్న విషయం ఇదే. పాత భాగవతుడు తానే పాడి, తానే మాట్లాడేవాడు. కొత్త నృత్యనాటకంలో పాట పక్కవాద్యం దగ్గర ఉంటుంది. నర్తకి ఎక్కువగా పెదవులు కదిపి అభినయిస్తుంది. సూత్రధారుని ఛలోక్తి, అప్పటికప్పుడు పుట్టే సంభాషణ, చూపరులతో వాదులాట తగ్గిపోయాయి.

ఆయన ఎందుకు అలా చేశారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మదరాసులో చూపరులలో సగంమందికి తెలుగు రాదు. ఢిల్లీ, అమెరికా, ఐరోపా సభలలో అసలే రాదు. నేర్చుకొనే విద్యార్థులలోనూ చాలామంది తెలుగువారు కారు. మాటమీద ఆధారపడిన నాటకం భాష ఎల్లల దగ్గర ఆగిపోతుంది. అడుగుమీద ఆధారపడినది దాటుతుంది. ఆయన దాటించారు. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800కు పైగా నర్తకులు కలిసి ఆయన కూర్చిన హిందోళ తిల్లానాను ఏకకాలంలో ఆడారు. వారు అనేక దేశాలనుండి వచ్చినవారు. పల్లెలో రెండుచేతులతో పట్టిన తెరవెనుక మొదలైన విద్య అంతవరకు వెళ్లింది. తిల్లానాలో కథ లేదు, సంభాషణ లేదు. జతులు, గతులు, వాటి చివర కొద్దిపాటి సాహిత్యం మాత్రమే. ప్రపంచమంతా కలిసి ఆడగలిగినది అలాంటి అంశమే కావడం గమనించదగినది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ తమిళనాడులో ఉన్నది. తంజావూరు సమీపంలోని మేలట్టూరు గ్రామంలో ప్రతి ఏటా నరసింహ జయంతికి భాగవత మేళ నాటకాలు ఆడతారు. నాయక రాజుల కాలంలో అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల సంప్రదాయం అది. మేలట్టూరు వేంకటరామశాస్త్రిగారు రచించిన ప్రహ్లాద చరిత్రము వంటి తెలుగు నాటకాలను స్వామి సన్నిధిలో ఆడతారు. ఊరిలో వాడుకభాష తమిళం. అయినా ఆ రాత్రులలో నటులు తెలుగులోనే పాడతారు, తెలుగులోనే సంభాషణ పలుకుతారు. ఆ నాటకాలు కూచిపూడిలాగ ప్రపంచమంతా తిరగలేదు. కాని నాలుగు వందల ఏండ్లుగా చుట్టూ వేరే భాష ఉన్నా, రంగస్థలంమీద తెలుగు మాట నిలిచింది.

ఒకటి దూరం ప్రయాణించింది, మరొకటి లోతుగా నిలిచింది. ఏది గొప్ప అని నేను తీర్పు చెప్పను. రెండూ మనకు అవసరమే.

తెలుక్ ఇంటాన్‌లో మన సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఈ ఊరిని తెలుక్ ఆన్సన్ అని పిలిచే రోజులలో మన తాతముత్తాతలు ఓడ దిగి చుట్టుపక్కల రబ్బరు తోటలకు, బాగన్ డాతో వైపు కొబ్బరి తోటలకు వెళ్లారు. చాలామంది ఉత్తరాంధ్రనుండి, గోదావరి ప్రాంతాలనుండి వచ్చినవారు. వారి వద్ద డబ్బు లేదు. ఉన్నది భాష, భజన, పండుగ. 1955లో ఆంధ్ర సంఘంగా ప్రారంభమై నేడు మలేషియా తెలుగు సంఘంగా ఉన్న సంస్థ, మన వంటి ఆలయ సంఘాలు ఆ మూడింటినీ కాపాడడానికే పుట్టాయి.

నేటి పిల్లలు బడిలో మలాయ్, ఇంగ్లీషు చదువుతారు. స్నేహితులతో తమిళం మాట్లాడతారు. కొందరికి చీనా భాష కూడా వస్తుంది. ఇంట్లో అమ్మమ్మ మాట్లాడితే తెలుగు అర్థమవుతుంది. బదులు మాత్రం వేరే భాషలో వస్తుంది. ఇది పిల్లల తప్పు కాదు, ఎవరినీ నిందించి లాభం లేదు. అయితే కూచిపూడి నేర్చుకున్న మన అమ్మాయి ఒక దరువును లోపం లేకుండా ఆడి, ఆ దరువులో ఏమున్నదని అడిగితే చిరునవ్వు నవ్వి ఊరుకుంటుంది. చినసత్యంగారి ప్రయోగం ఆ బిడ్డకు ఇచ్చిన వరం ఇది: తెలుగు రాకున్నా తెలుగువారి నాట్యం ఆమె దేహంలో నిలిచింది. అందులోనే ప్రమాదమూ ఉన్నది: నాట్యం వచ్చింది కదా అని మనం భాష సంగతి మరచిపోవచ్చు.

మన ఊరి వాలిన గడియార గోపురం మనందరికీ తెలుసు. 1885లో కట్టిన ఆ కట్టడంలో లోపం కంటికి కనబడదు. అడుగున నేల మెత్తన, పైన నీటి బరువు, అందుకే వాలింది. భాష మన కళకు అడుగున ఉండే నేల వంటిది. పైన ఎన్ని ఉత్సవాలు చేసినా, ఎన్ని అరంగేట్రాలు జరిపినా, అడుగున నేల గట్టిగా లేకపోతే ఏదో ఒకనాడు వాలక తప్పదు.

కనుక నాదొక చిన్న మనవి. దీనికి పెద్ద నిధులు అవసరం లేదు. మన ఆలయ వేదికపై ఎవరు నృత్యం చేసినా, ఆడబోయే ముందు ఆ అంశం సారాంశాన్ని వారే తెలుగులో నాలుగు వాక్యాలలో చెప్పాలి. మాట తడబడినా ఫర్వాలేదు. ఉచ్చారణ తప్పినా ఎవరూ నవ్వరాదు. వ్రాసుకొని చదివినా మంచిదే, మలాయ్ బడిలో నేర్చిన అక్షరాలలో వ్రాసుకున్నా మొదటి ఏడు అభ్యంతరం లేదు. ఆ నాలుగు వాక్యాలు నేర్పే పని ఇంట్లో తాతగారిది, అమ్మమ్మగారిది. ఇంట్లో తెలుగు వచ్చినవారు లేకుంటే ఆలయంలో ఎవరో ఒక పెద్దమ్మ ఆ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోవాలి. రెండవ ఏడు ఒక చిన్న సంభాషణ. మూడవ ఏడు మన పిల్లలలోనే ఒకరు సూత్రధారులై కథ నడిపించాలి. భామాకలాపంలో సత్యభామ, మాధవి మాట్లాడుకొనే కొద్ది భాగాన్ని మన ఇండ్లలో వినబడే తెలుగులోనే ఆడవచ్చు. పాత భాగవతులు ఏ ఊరికి వెళితే ఆ ఊరి మాట కలుపుకున్నారు. మన మాటలో కొద్దిగా మలాయ్ కలిస్తే సిద్ధేంద్రయోగి కోపగించుకోరు.

ఇది సంప్రదాయానికి విరుద్ధమా అని ఎవరైనా సందేహిస్తే, చినసత్యంగారి జీవితాన్ని చూడమని చెబుతాను. ఆయన ఒక కాలపు అవసరాన్ని గ్రహించి అడుగును ముందుకు తెచ్చారు. మన కాలపు అవసరం వేరు. మనం మాటను ముందుకు తేవాలి. ఆయన చేసినదాన్ని అక్షరాలా అనుకరించడం శిష్యత్వంలో మొదటి మెట్టు. ఆయన ఎలా ఆలోచించారో అలా ఆలోచించడం తరువాతి మెట్టు.

యువతీయువకులారా! ఈ కళ మీ పెద్దలు మీకు అప్పగించి తాళం వేసిన పెట్టె కాదు. తెరిచి వాడుకోండి. చండాలిక బెంగాలునుండి వచ్చి తెలుగైనట్లు, పేరాక్ నది ఒడ్డు కథ ఒకటి రేపు కూచిపూడి నాటకం కావచ్చు. ఓడలో వచ్చిన ముత్తవ్వ కథ, తోటలో భజన మందిరం కట్టుకున్న కూలీల కథ ఇంకా ఎవరూ ఆడలేదని మీరు భావిస్తే, ఆ ప్రవేశ దరువు మీకోసమే ఎదురుచూస్తున్నదని తెలుసుకోండి. సాహిత్యం ఒకరు, సంగీతం ఒకరు, నర్తనం ఒకరు — ముగ్గురు కలిస్తే చాలునని చినసత్యంగారు, సంగీతరావుగారు, భుజంగరాయశర్మగారు మనకు చూపించారు.

 స్వామి మన పిల్లల పాదాలకు బలాన్ని, వారి నాలుకకు తెలుగు మాటను ప్రసాదించుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు.